ఆర్కెస్ట్రాకి మన తదనంతరం కొంత డబ్బు వెళ్ళేలా రాసి పెట్టడం ఎలా? (అమెరికాలో ఉంటున్న మనవాళ్ళ కోసం)

పిల్లల్ని యూత్ ఆర్కెస్ట్రా రిహార్సల్‌కి దింపడానికి వెళ్ళి, కార్లో కూర్చునే బదులు లోపలికెళ్ళి వినడం మొదలెట్టి, అలా అలవాటు పడిపోయినవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. పిల్లలు కాలేజీకి వెళ్ళిపోయినా మనం మాత్రం సీజన్ టికెట్ మానలేం. అలాంటివాళ్ళు ఈ మధ్య నన్ను పదే పదే అడుగుతున్నది ఒకటే, "మేం పోయాక మాకున్నదాంట్లో కొంత ఆ ఆర్కెస్ట్రాకి చేరాలి, ఏం చెయ్యాలి, దానికి మిలియన్లు ఉండాలా?" అని.

అక్కర్లేదండి. ఒక చిన్న ఐఆర్ఏ (రిటైర్మెంట్ కోసం మనం విడిగా దాచుకునే) అకౌంట్ ఉన్నా చాలు. పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాలకి కూడా టికెట్ల మీద వచ్చే డబ్బు ఖర్చులో సగానికి కూడా రాదు, మిగతాదంతా విరాళాలు, ఎండోమెంట్ (పెట్టుబడిగా పెట్టి ఉంచే శాశ్వత నిధి) మీద వచ్చే రాబడి. అందుకే మనలాంటివాళ్ళు రాసిపెట్టేది వాళ్ళకి నిజంగా పనికొస్తుంది.

కానీ ఒక్క విషయం ముందే గట్టిగా చెప్తాను. మనసులో అనుకోవడం, ఇంట్లో చెప్పడం, ఆర్కెస్ట్రా ఆఫీసుకి ఫోన్ చేసి "మీకు ఇద్దామనుకుంటున్నాం" అనడం, ఇవేవీ లెక్కలోకి రావు. సరైన పేరు, సరైన ఫామ్ మీద, సరైన పద్ధతిలో ఉంటేనే డబ్బు కదుల్తుంది. నేను చూసినంతలో ఆగిపోయినవన్నీ ఇక్కడే ఆగిపోయాయి.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఆర్కెస్ట్రా లీగల్ పేరు, ఈఐఎన్ (తొమ్మిదంకెల టాక్స్ నంబరు), అడ్రసు
- మీ అకౌంట్లన్నిటి లిస్టు: 401(కె) (ఉద్యోగం ద్వారా ఉండే రిటైర్మెంట్ అకౌంట్), ఐఆర్ఏ, రోత్ (టాక్స్ ముందే కట్టేసిన డబ్బుతో ఉండే రిటైర్మెంట్ అకౌంట్), బ్రోకరేజ్ (షేర్ల అకౌంట్), బ్యాంకు, లైఫ్ ఇన్సూరెన్స్, ఇల్లు. ఒక్కోదానికి ఇప్పుడు బెనిఫిషియరీ (మన తర్వాత ఆ డబ్బు అందుకునేవాళ్ళు) ఎవరని ఉందో పక్కనే రాసుకోండి, గుర్తున్నది కాదు, వెబ్‌సైట్‌లో చూసి రాయండి
- విల్లు గానీ లివింగ్ ట్రస్ట్ (బతికుండగానే ఆస్తులు దాని పేరు మీద పెట్టే ట్రస్ట్) గానీ ఉంటే దాని కాపీ
- ఇండియాలో ఆస్తి ఉంటే అక్కడ రాసిన వీలునామా కాపీ

1. ముందు ఇంట్లో చెప్పండి

భార్యకో భర్తకో తెలియకుండా ఈ పని చెయ్యొద్దు. పిల్లలు పెద్దవాళ్ళైతే వాళ్ళకీ చెప్పండి. ఎంత అని చెప్పకపోయినా ఫర్వాలేదు, "పది శాతం అక్కడికి వెళ్తుంది, ఎందుకంటే ఇదీ" అని ఒక మాట చాలు. మనం పోయాక లాయర్ నోటి నుంచి మొదటిసారి వింటే వాళ్ళకి అనుమానాలొస్తాయి, కోర్టు దాకా వెళ్ళే గొడవలు చాలా వరకు అలాగే మొదలవుతాయి.

2. ఆర్కెస్ట్రా అసలు పేరు పట్టుకోండి

చాలామంది తేలిగ్గా తీసుకునేది ఇదే. మనం పిలిచే పేరు వేరు, కాగితాల్లో ఉండే పేరు వేరు. ఉదాహరణకి న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ లీగల్ పేరు ఫిల్హార్మోనిక్-సింఫనీ సొసైటీ ఆఫ్ న్యూయార్క్. క్లీవ్‌ల్యాండ్ ఆర్కెస్ట్రాని నడిపే సంస్థ పేరు మ్యూజికల్ ఆర్ట్స్ అసోసియేషన్, అది 1915లో పెట్టింది, ఆర్కెస్ట్రా 1918లో వచ్చింది, ఈ పేర్లో క్లీవ్‌ల్యాండ్ అన్న మాటే లేదు చూడండి. ఇంకో చిక్కు ఏంటంటే ఒకే ఊళ్ళో సింఫనీ, యూత్ ఆర్కెస్ట్రా, వాలంటీర్ల లీగ్, ఎండోమెంట్ కోసం విడిగా పెట్టిన ఫౌండేషన్ ఇలా నాలుగు వేర్వేరు సంస్థలు ఉండొచ్చు, అన్నిట్లోనూ ఊరి పేరు, సింఫనీ అన్న మాట ఉంటాయి. "మా ఊరి సింఫనీకి" అని రాసి వదిలేస్తే మీ ఉద్దేశం ఏంటో తేల్చుకోవడానికి మిగతావాళ్ళు లాయర్ ఫీజులు కట్టుకోవాలి.

ఇలా చెయ్యండి:

- ఆర్కెస్ట్రా వెబ్‌సైట్‌లో "ప్లాన్డ్ గివింగ్" అనో "లెగసీ" అనో పేజీ ఉంటుంది. లీగల్ పేరు, ఈఐఎన్, విల్లులో వాడాల్సిన వాక్యం అక్కడే ఇస్తారు చాలామంది. లేకపోతే డెవలప్‌మెంట్ ఆఫీసుకి (విరాళాల సంగతి చూసే విభాగం) మెయిల్ పెట్టి రాతపూర్వకంగా తెప్పించుకోండి.
- ఆ ఈఐఎన్‌ని ఐఆర్ఎస్ (అమెరికా టాక్స్ శాఖ) వాళ్ళ "టాక్స్ ఎగ్జెంప్ట్ ఆర్గనైజేషన్ సెర్చ్"లో కొట్టి చూడండి. అదే పేరు రావాలి, 501(సి)(3) (టాక్స్ మినహాయింపు ఉన్న చారిటీ హోదా) కింద ఉండాలి.
- అక్కడే ఫామ్ 990 (సంస్థ ఏటా ఇచ్చే ఆదాయ వ్యయాల లెక్క) దొరుకుతుంది, మూడేళ్ళవి తిరగెయ్యండి. ప్రతి ఏడూ ఖర్చే ఎక్కువగా ఉందా, ఎండోమెంట్ కరిగిపోతోందా అన్నంత వరకు చూస్తే చాలు.

ఆ మూడోది ఎందుకంటే, ఆర్కెస్ట్రాలు కూడా మూతపడతాయి. 1939లో మొదలైన శాన్ ఆంటోనియో సింఫనీని 2022 జూన్‌లో మూసేశారు. ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా అంతటిది 2011లో దివాలా రక్షణ కోరి, తర్వాత నిలదొక్కుకుంది. మనం రాసేది ఇరవై ముప్ఫై ఏళ్ళ తర్వాత జరగబోయేదాని గురించి కాబట్టి "ఈ సంస్థ అప్పటికి లేకపోతే దాని వారస సంస్థకి, అదీ లేకపోతే ఫలానా సంస్థకి" అని రెండో పేరు కూడా ఉండాలి. ఈ ఒక్క ముక్క మర్చిపోవద్దు.

3. ఏ డబ్బు ఇవ్వాలో తేల్చుకోండి

మనవాళ్ళు ఎక్కువగా చేసేది, విల్లులో ఆర్కెస్ట్రాకి కొంత క్యాష్ రాసి, ఐఆర్ఏ మొత్తం పిల్లలకి పెట్టడం. దీన్ని తిరగెయ్యండి.

ట్రెడిషనల్ ఐఆర్ఏ, 401(కె)ల్లో ఉన్నది ఇంకా టాక్స్ కట్టని డబ్బు. అది పిల్లల చేతికొస్తే వాళ్ళు తీసిన ప్రతి డాలరూ వాళ్ళ ఆదాయంలో కలుస్తుంది, పైగా 2019లో వచ్చిన సెక్యూర్ యాక్ట్ తర్వాత పెద్దయిన పిల్లలు సాధారణంగా పదేళ్ళలోపు మొత్తం తీసెయ్యాలి. మీ అమ్మాయి 24 శాతం టాక్స్ బ్రాకెట్‌లో ఉందనుకోండి, లక్ష డాలర్ల ఐఆర్ఏలో ఫెడరల్ టాక్స్ పోగా ఆమెకి దక్కేది 76,000, రాష్ట్ర టాక్స్ ఉంటే ఇంకా తక్కువ. అదే లక్ష ఆర్కెస్ట్రాకి వెళ్తే వాళ్ళకి ఇన్‌కమ్ టాక్స్ లేదు కాబట్టి లక్షకి లక్షా చేరుతుంది.

ఇల్లు, మామూలు బ్రోకరేజ్ షేర్లు పిల్లలకి ఉంచండి, వాటి ఖరీదు మనం పోయిన రోజు ధరకి మారిపోతుంది కాబట్టి మన కాలంలో పెరిగిన లాభం మీద వాళ్ళకి టాక్స్ పడదు. రోత్ కూడా పిల్లలకే మంచిది. అంటే మొత్తం మీద అదే డబ్బు, ఏది ఎవరికి అన్నది మారిస్తే అందరికీ ఎక్కువ మిగుల్తుంది. నాకు ఈ లెక్క తెలిసిన రోజున అప్పటిదాకా రాసుకున్న కాగితం చింపి మళ్ళీ మొదట్నుంచి రాశాను.

4. బెనిఫిషియరీ ఫామ్ నింపండి

ఐఆర్ఏ నుంచి ఇవ్వాలనుకుంటే లాయర్ కూడా అక్కర్లేదు, అరగంట పని. ఒక తేడా మాత్రం గుర్తుంచుకోండి. ఇండియాలో నామినీ అంటే చాలా సందర్భాల్లో డబ్బు చేతికి తీసుకుని వారసులకి అప్పజెప్పే మనిషి, అసలు హక్కు వీలునామా ప్రకారమో వారసత్వ చట్టం ప్రకారమో తేలుతుంది. ఇక్కడ అలా కాదు, ఫామ్ మీద ఎవరి పేరుంటే వాళ్ళదే ఆ డబ్బు, విల్లులో వేరేగా రాసినా ఫామే చెల్లుతుంది. "విల్లులో రాశాం కదా" అని ధీమాగా ఉన్న ఎంతోమంది ఐఆర్ఏ మీద ఇప్పటికీ పాతికేళ్ళ కిందటి పేర్లే ఉన్నాయి.

నింపేటప్పుడు:

- లాగిన్ అయి "బెనిఫిషియరీస్" లోకి వెళ్ళండి. ప్రైమరీ అంటే మొదటి హక్కుదారులు, కంటింజెంట్ అంటే ప్రైమరీ ఎవరూ బతికి లేకపోతే వచ్చేవాళ్ళు.
- టైప్ అడిగితే "చారిటీ" లేదా "ఆర్గనైజేషన్" ఎంచుకోండి. సోషల్ సెక్యూరిటీ నంబరు గడిలో ఈఐఎన్ కొట్టాలి.
- శాతాలు ప్రైమరీలో విడిగా వంద, కంటింజెంట్‌లో విడిగా వంద రావాలి.
- ఒకే ఐఆర్ఏలో పిల్లల్నీ ఆర్కెస్ట్రానీ కలిపి పెట్టే కన్నా, ఆర్కెస్ట్రా వాటాకి సరిపడా చిన్న ఐఆర్ఏ విడిగా తెరిచి దానికి వంద శాతం వాళ్ళని పెట్టండి. కలిపి ఉంటే మీరు పోయిన మరుసటి ఏడు సెప్టెంబర్ 30లోపు చారిటీ వాటా తేల్చి ఇచ్చెయ్యాలి, లేకపోతే పిల్లల గడువుల మీద ప్రభావం పడొచ్చు. దుఃఖంలో ఉన్న పిల్లలకి ఆ తలనొప్పి ఎందుకు.
- బెనిఫిషియరీగా "నా ఎస్టేట్" (నేను వదిలిన ఆస్తి మొత్తం) అని పెట్టి, విల్లులో ఆర్కెస్ట్రాకి ఇవ్వమని రాయొద్దు. అనవసరంగా ప్రొబేట్‌లో (విల్లుని కోర్టు ద్వారా అమలు చేసే ప్రక్రియలో) పడుతుంది.

హెచ్చరిక: 401(కె)కి పెళ్ళైనవాళ్ళు జీవిత భాగస్వామిని కాకుండా ఇంకెవర్ని ప్రైమరీగా పెట్టాలన్నా ఆ భాగస్వామి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, నోటరీ ముందో ప్లాన్ ప్రతినిధి ముందో. భార్య లేదా భర్త ప్రైమరీ, ఆర్కెస్ట్రా కంటింజెంట్ అయితే ఆ గొడవ లేదు. ఐఆర్ఏకి ఈ ఫెడరల్ రూల్ లేదు గానీ టెక్సాస్, కాలిఫోర్నియా, వాషింగ్టన్, అరిజోనా లాంటి కమ్యూనిటీ ప్రాపర్టీ రాష్ట్రాల్లో పెళ్ళయ్యాక సంపాదించినదాంట్లో సగం భాగస్వామిదే కాబట్టి అక్కడ కూడా సంతకం తీసుకోవడం మేలు.

అయిపోయాక కన్ఫర్మేషన్ పేజీ ప్రింట్ తీసుకోండి, తేదీ కనబడేలా. నా సంగతే చెప్తాను. మా ఐఆర్ఏ ఉన్న కంపెనీ అకౌంట్లన్నీ ఇంకో కంపెనీకి మారాయి, బ్యాలెన్స్ పైసాతో సహా సరిపోయింది, ప్రైమరీ పేరు కూడా వచ్చింది, కంటింజెంట్ దగ్గర మాత్రం ఖాళీ గడి. ఆర్కెస్ట్రా పేరు ఉన్నది ఆ గడిలోనే. పాత ప్రింట్ చేతిలో ఉంది కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టి చూసి పట్టుకున్నాను, లేకపోతే ఎప్పటికీ తెలిసేది కాదు.

5. విల్లు లేదా ట్రస్ట్‌లో రాయాలంటే

దీనికి మీ రాష్ట్రంలో పనిచేసే ఎస్టేట్ లాయర్ ఉండాలి. నాలుగు రకాలుగా రాయొచ్చు: ఇంత డాలర్లని, ఫలానా ఆస్తి అని, అప్పులూ ఖర్చులూ ఇతర పంపకాలూ పోగా మిగిలినదాంట్లో ఇంత శాతమని, పిల్లలెవరూ లేకపోతేనే వెళ్ళాలని.

నా సలహా మూడోది. డాలర్లలో రాస్తే ఇవాళ పెద్దగా కనిపించేది ముప్ఫై ఏళ్ళకి చిన్నదైపోతుంది, లేదా మీ చివరి రోజుల వైద్యానికి ఆస్తి తరిగిపోతే ఆర్కెస్ట్రాకి రాసిన అంకె మొత్తం ముందు వెళ్ళి పిల్లలకి మిగిలేది తగ్గిపోతుంది. శాతం అయితే అందరిదీ కలిసే పెరుగుతుంది, కలిసే తగ్గుతుంది.

వాక్యం సారం ఇలా ఉండాలి, ఇంగ్లీషులో లాయర్ పెడతారు: "మిగిలిన నా ఆస్తిలో పది శాతం, ఫలానా లీగల్ పేరు, ఫలానా ఈఐఎన్, ఫలానా ఊళ్ళో ఉన్న సంస్థకి, దాని సాధారణ అవసరాలకి ఇస్తున్నాను. ఆ సంస్థ అప్పటికి లేకపోయినా 501(సి)(3) హోదా పోయినా, దాని వారస సంస్థకి, అదీ లేకపోతే ఫలానా సంస్థకి."

- పాత విల్లు మీద పెన్నుతో కొట్టేసి పక్కన రాయొద్దు. చిన్న మార్పైతే కోడిసిల్ (విల్లుకి చేర్చే సవరణ పత్రం), లేదా కొత్త విల్లు.
- చాలా రాష్ట్రాల్లో ఇద్దరు సాక్షులు కావాలి. విల్లు వల్ల లాభం వచ్చేవాళ్ళు సాక్షులుగా ఉండకూడదు, ఆర్కెస్ట్రా బోర్డులో ఉన్న స్నేహితుణ్ణి కూడా పిలవకపోవడమే మంచిది.
- లివింగ్ ట్రస్ట్ ఉంటే దాంట్లోనే మార్చాలి. ఇల్లు, అకౌంట్లు ట్రస్ట్ పేరు మీద ఉండగా విల్లులో రాసి లాభం లేదు.

మనవాళ్ళకి ప్రత్యేకంగా ఒకటి. ఇక్కడి విల్లు మొదట్లోనే "ఇంతకు ముందు రాసిన విల్లులన్నీ రద్దు" అని మామూలుగా ఒక లైన్ ఉంటుంది. ఇండియాలో పొలానికో ఫ్లాట్‌కో అక్కడ విడిగా వీలునామా రాసి ఉంటే, ఈ లైన్ దాన్ని కూడా రద్దు చేసినట్టయ్యే ప్రమాదం ఉంది. లాయర్‌కి ముందే చెప్పి "అమెరికాలో ఉన్న ఆస్తికి మాత్రమే" అని రాయించుకోండి. ఆర్కెస్ట్రాకి ఇచ్చేది కూడా ఇక్కడి ఆస్తిలోంచే పెట్టండి, అక్కడి స్థలం అమ్మి డబ్బు ఇటు తెప్పించి ఇమ్మంటే మీ ఎగ్జిక్యూటర్ (విల్లుని అమలు చేసే మనిషి) ఏళ్ళ తరబడి తిరగాలి.

6. షరతులు పెట్టాలా?

పెట్టకపోతేనే వాళ్ళకి ఎక్కువ ఉపయోగం. నాకు తెలిసిన ఒక పెద్దాయన "ప్రతి ఏటా ఒక త్యాగరాజ కృతి ఫుల్ ఆర్కెస్ట్రాతో వాయించాలి" అని రాయించబోయారు. ఆ కోరిక ఎంత అందమైనదో నాకు తెలుసు, వింటుంటేనే ఒళ్ళు పులకరించింది. కానీ లెక్క చూడండి, ఎండోమెంట్‌లో వేసిన డబ్బులోంచి ఏటా సుమారు నాలుగైదు శాతమే ఖర్చు పెడతారు, 25,000 డాలర్లు వేస్తే ఏడాదికి వచ్చేది వెయ్యి నుంచి పన్నెండొందల యాభై. ఆర్కెస్ట్రా కోసం ఆ కృతిని రాయించడం, పార్ట్‌లు (ఒక్కో వాద్యానికి విడి నొటేషన్) తయారుచేయించడం, రిహార్సల్ సమయం, వీటిలో ఒక్కదానికీ అది సరిపోదు. నెరవేర్చలేని షరతుంటే ఆర్కెస్ట్రా ఆ డబ్బు వద్దనొచ్చు, లేదా కోర్టుకెళ్ళి షరతు మార్పించుకోవాల్సొస్తుంది.

మధ్యే మార్గం ఉంది. "వీలైతే భారతీయ సంగీతానికి సంబంధించిన కార్యక్రమాలకి వాడితే సంతోషం, కుదరకపోతే సాధారణ అవసరాలకి" అని కోరికలాగా రాయండి. నిజంగా షరతే పెట్టాలనుకుంటే రాసేముందే డెవలప్‌మెంట్ ఆఫీసుతో కూర్చుని, కనీసం ఎంత కావాలో అడిగి, వాళ్ళు ఒప్పుకున్న వాక్యమే పెట్టించండి. వయొలినో వీణో ఇవ్వాలనుకున్నా అంతే, ముందు అడగాలి, అన్ని వస్తువులూ తీసుకోరు, తీసుకున్నా అమ్ముకోవచ్చు.

7. వాళ్ళకి తెలియజేయండి

తప్పనిసరి కాదు, కానీ చెప్తే మంచిది. పేరు తప్పు పడితే వాళ్ళే పట్టుకుంటారు. ఒక చిన్న ఇంటెంట్ ఫామ్ (ఇవ్వాలన్న ఉద్దేశం తెలిపే కాగితం) ఇస్తారు, సాధారణంగా అది మిమ్మల్ని కట్టిపడెయ్యదు, తర్వాత మనసు మారితే మార్చుకోవచ్చు, అయినా సంతకానికి ముందు "నాన్-బైండింగ్" అని ఉందో లేదో చదవండి. పేరు బయటికి రాకూడదంటే ఆ ఫామ్ మీదే చెప్పండి. విల్లు మొత్తం పంపక్కర్లేదు, ఆ వాక్యం ఉన్న పేజీ చాలు.

బతికుండగానే ఇవ్వాలంటే

70½ ఏళ్ళు దాటినవాళ్ళు ఐఆర్ఏ నుంచి నేరుగా ఆర్కెస్ట్రాకి పంపొచ్చు (పరిమితి 2025లో మనిషికి 108,000 డాలర్లు ఉండేది), అది మీ ఆదాయంలో కలవదు. చెక్ మీ పేరున రాకూడదు, ఆర్కెస్ట్రా పేరునే రావాలి. బతికినన్నాళ్ళూ కొంత ఆదాయం మనకి రావాలి, మిగిలింది వాళ్ళకి వెళ్ళాలి అనుకుంటే గిఫ్ట్ ఆన్యుటీ ఉంది, అన్ని ఆర్కెస్ట్రాలూ ఇవ్వవు. ఇంకా పెద్ద మొత్తాలకి ఇలాంటిదే ఛారిటబుల్ రిమైండర్ ట్రస్ట్ ఉంది, లాయర్ ఖర్చు ఎక్కువ, చిన్న మొత్తాలకి అక్కర్లేదు.

ఎస్టేట్ టాక్స్ గురించి అడిగేవాళ్ళకి

ఇది పోయినవాళ్ళు వదిలిన ఆస్తి మీద పడే టాక్స్. 2026లో ఫెడరల్ మినహాయింపు మనిషికి 15 మిలియన్ డాలర్లు, మనలో దాదాపు ఎవరికీ అది తగలదు. కానీ మసాచుసెట్స్‌లో 2 మిలియన్లు, ఒరెగాన్‌లో 1 మిలియన్ దాటితే రాష్ట్ర ఎస్టేట్ టాక్స్ మొదలవుతుంది, ఇల్లూ 401(కె) కలిపితే అక్కడికి చేరడం పెద్ద విషయం కాదు. చారిటీకి వెళ్ళేది ఆ లెక్కలోంచి తీసేస్తారు. సిటిజన్ కానివాళ్ళు మాత్రం లాయర్‌ని తప్పకుండా అడగాలి, అమెరికా శాశ్వత నివాసం కాదని తేలితే మినహాయింపు 60,000 డాలర్లే, సిటిజన్ కాని భాగస్వామికి వెళ్ళేదానికి మామూలుగా ఉండే అపరిమిత మినహాయింపూ ఉండదు.

సరిగ్గా అయిందో లేదో ఎలా చూసుకోవాలి

ఒక ఆదివారం కూర్చుని "నేను రేపు లేకపోతే" అనుకుని ఒక్కో అకౌంట్ తెరిచి చూడండి. స్క్రీన్ మీద ఉన్న పేరు, ఈఐఎన్, శాతం మీ ప్రింట్‌తో సరిపోవాలి. ఆ ఈఐఎన్‌ని మళ్ళీ ఐఆర్ఎస్ సైట్‌లో కొట్టండి, సంస్థలు విలీనమవుతాయి, పేర్లు మారతాయి, ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా 2021లో తాము వాయించే హాల్ ఉన్న కిమ్మెల్ సెంటర్‌తో కలిసింది కదా, అలా. తర్వాత విల్లులో పేరూ ఫామ్ మీద పేరూ ఒకటేనా చూడండి. రెండేళ్ళకోసారి ఇలా చెయ్యాలి, ఉద్యోగం మారినా, పాత 401(కె)ని ఐఆర్ఏలోకి మార్చినా (పాత బెనిఫిషియరీలు వాటంతట అవి రావు), రాష్ట్రం మారినా, ఇంట్లో పెళ్ళి, విడాకులు, పుట్టుక, చావు ఏది జరిగినా వెంటనే చెయ్యాలి.

విల్లు ఒరిజినల్‌ని మీ ఒక్కరి పేరు మీదున్న బ్యాంకు లాకర్లో పెట్టొద్దు, మీరు పోయాక అది తెరవడానికే కోర్టు ఆర్డర్ అడగొచ్చు. ఎక్కడుందో ఎగ్జిక్యూటర్‌కి తెలియాలి. దానితో పాటు ఒక పేజీ పెట్టండి: ఏ అకౌంట్ ఆర్కెస్ట్రాకి వెళ్తుంది, ఆ కంపెనీ ఫోన్ నంబరు, ఆర్కెస్ట్రా డెవలప్‌మెంట్ ఆఫీసు అడ్రసు. అక్కడ పనిచేసే మనిషి పేరు ఒక్కటే రాయకండి, వాళ్ళు రెండు మూడేళ్ళకి మారిపోతుంటారు, డిపార్ట్‌మెంట్ పేరు రాయండి. చారిటీలు వాటంతట అవి తెలుసుకుని క్లెయిమ్ చెయ్యలేవు, ఎవరో ఒకరు డెత్ సర్టిఫికెట్ పట్టుకుని ఫోన్ చెయ్యాలి, ఆ ఫోన్ చెయ్యాల్సిన మనిషి పేరు పేజీ పైన పెద్ద అక్షరాలతో రాసి, కింద తేదీ వెయ్యండి.